తుమ్మచెట్టు దాకా హులదమ్మ

కాలవకి గట్టు లేని రోజులవి. గట్టు లేదు గనక దారి లేదు. దారి లేదు గనక ఆ ఊరికి ఎవరూ పనిగట్టుకుని వచ్చేవాళ్ళు కాదు. అదెప్పుడూ అని మాత్రం అడక్కండి. పెద్దవాళ్ళని అడిగితే వాళ్ళ పెద్దవాళ్ళని అడగమనేవాళ్ళు, అంత వెనకటి మాట.

అప్పుడు సముద్రానికి దగ్గర్లో, తుంగ మడుగుల మధ్యన, జమ్ముపాలెం అని ఒక పాలెం ఉండేది. ఇరవై గుడిసెలు, ఒక ప్రార్థన ఇల్లు, ఒక తుమ్మచెట్టు. ఊరంటే అంతే. తుంగ కోసి, ఎండబెట్టి, చాపలల్లుకుని బతికేవాళ్ళు.

వాళ్ళు యూదులు. ఎక్కడి యెరూషలేము, ఎక్కడి జమ్ముపాలెం అంటారేమో. ఏ తాత ఏ పడవ దిగాడో వాళ్ళకీ తెలీదు పాపం. కానీ శనివారం మాత్రం కొడవలి ముట్టేవాళ్ళు కాదు. అందుకే కాలవ అవతలి పల్లెవాళ్ళు వీళ్ళని శనివారపోళ్ళు అనేవాళ్ళు. ఎగతాళికి కాదు, ప్రేమగానే.

ఏడాదికి ఒక్క రోజు ఉండేది వాళ్ళకి. ప్రాయశ్చిత్త దినం. యోమ్ కిప్పూర్ అని పెద్ద పేరు. జమ్ముపాలెంలో మాత్రం "పెద్ద ఉపవాసం" అనేవాళ్ళు. ఇవాళ పొద్దుగూకిన దగ్గర్నుంచి రేపు చుక్కలు పొడిచేదాకా తిండి లేదు, నీళ్ళు లేవు, స్నానం లేదు. తోలు చెప్పులు వేసుకోకూడదు. ఆ మాటకి మాత్రం ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. "మనకి చెప్పులేవీ, విప్పడానికి?" అని.

ఆ రోజంతా ప్రార్థన ఇంట్లో చాపల మీద కూర్చుని, ఏడాది పాపాలన్నీ తలుచుకుని, గుండె మీద పిడికిలితో కొట్టుకుంటూ దేవుణ్ణి క్షమించమని అడిగేవాళ్ళు. చీకటి పడగానే పొట్టేలు కొమ్ము ఊదేవాళ్ళు. ఆ కూత వింటే చాలు, పాపాలన్నీ కాలవలో కొట్టుకుపోయినట్టు ఉండేది.

అయితే దేవుణ్ణి అడిగేముందు మనుషుల్ని అడగాలి. అదీ లెక్క. ఉపవాసం ముందు రోజు ప్రతివాళ్ళూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. గుమ్మంలో నిలబడి, "తెలిసి అన్నదీ, తెలియక అన్నదీ, మనసులో అనుకున్నదీ, మూడూ క్షమించు" అనేవాళ్ళు. లోపలి మనిషి బయటికొచ్చి "క్షమించాను, క్షమించాను, క్షమించాను" అని మూడుసార్లు అనాలి. వినకపోతే మళ్ళీ రావాలి. మళ్ళీ వినకపోతే మూడోసారి రావాలి. మూడుసార్లు వచ్చినా క్షమించకపోతే ఇక అడిగినవాళ్ళ తప్పు ఉండదు. క్షమించనివాళ్ళ తప్పైపోతుంది.

ఎంత బాగుండేదో ఆ రోజు! అత్తా కోడళ్ళు, తోడికోడళ్ళు, ఏడాదంతా తుంగ కట్టల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళు, ఒకళ్ళ గుమ్మంలో ఒకళ్ళు నిలబడి ముక్కులు చీదుకునేవాళ్ళు.

ఆ పాలెంలో ఆసాపు అని ఒకాయన ఉండేవాడు. ప్రార్థన నడిపించేది ఆయనే, కొమ్ము ఊదేదీ ఆయనే. ఆయనకంటే మంచి గొంతున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఆయనకంటే చదువు తెలిసినవాడు ఒకడున్నాడు. అయినా ఆయనకే ఎందుకిచ్చారంటే, ఆసాపు కడుపులోనే ఉపవాసం ఉన్నవాడు.

అదెలాగంటే, వాళ్ళమ్మ నయోమమ్మ ఆసాపుని తొమ్మిదో నెల మోస్తుండగా పెద్ద ఉపవాసం వచ్చింది. మిట్టమధ్యాహ్నం కాలవ అవతల పల్లెలో ఎవరో చేపల పులుసు పెట్టారు. ఆ వాసన గాల్లో తేలుకుంటూ వచ్చింది. కడుపులో బిడ్డ ఆకలికి తన్నుకోవడం మొదలుపెట్టాడు. నయోమమ్మ కళ్ళు తేలేసింది. అలాంటప్పుడు కడుపుతో ఉన్న మనిషి చెవిలో ఒక మాట చెప్పాలని వాళ్ళ ఆచారం. మంత్రసాని వచ్చి నయోమమ్మ చెవిలో మెల్లిగా అంది, "ఇవాళ పెద్ద ఉపవాసం రా అబ్బాయ్" అని. అంతే! బిడ్డ టక్కున ఆగిపోయాడు. చుక్కలు పొడిచేదాకా కదల్లేదు. మర్నాడు పుట్టాడు.

ఊరంతా చెప్పుకున్నారు. పుట్టకముందే ఉపవాసం ఉన్నవాడు, వీడు కాక ఇంకెవరు నడిపిస్తారు ప్రార్థన? అని. ఆసాపు ఆ మాట వింటూ పెరిగాడు. వింటూ పెళ్ళి చేసుకున్నాడు. వింటూ పెద్దవాడయ్యాడు. ఆ మాటే ఆయన పై కండువా అయిపోయింది. అది లేకుండా బయటికి రాలేడు.

ఆ చెవిలో మాట చెప్పిన మంత్రసాని పేరు హులదమ్మ.

హులదమ్మది ఊరి చివరి గుడిసె. మొగుడు పడవ బోల్తాపడి పోయాడు. పిల్లల్లేరు. పదిమంది కూర్చున్నచోట పదకొండో మనిషిలా కూర్చునేది. ఎవరికన్నా నొప్పులొస్తే గుర్తొచ్చేది, బిడ్డ పుట్టగానే మర్చిపోయేవాళ్ళు. ఆవిడ దగ్గర చెప్పుకోడానికి ఒక మట్టి చట్టి ఉంది, ఒక కొబ్బరిచిప్ప గరిటె ఉంది, మొగుడల్లిన చాప ఒకటి ఉంది.

ఆవిడకి ఒక వింత అలవాటు ఉండేది. పెద్ద ఉపవాసం రోజున ప్రార్థన ఇంట్లో కుదురుగా కూర్చునేది కాదు. వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. సగం ప్రార్థన వినేది. వెళ్ళిపోయేది. వెళ్ళి ఏం చేసేది? నడిచేది. గుడిసెలోంచి బయటికొచ్చి తుమ్మచెట్టు దాకా వెళ్ళేది, మళ్ళీ గుడిసె దాకా వచ్చేది. వెళ్ళేది, వచ్చేది. మిట్టమధ్యాహ్నం ఎండలో, వట్టి కాళ్ళతో, ముళ్ళ మీదుగా వెళ్ళేది, వచ్చేది.

"ముసల్దానికి ఆకలి ఆగక తిరుగుతోందర్రా" అని నవ్వేవాళ్ళు కొందరు. కొందరు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. తల తిప్పుకునేవాళ్ళు.

ఒక ఏడు ఆసాపుకి ఒళ్ళు మండింది. ప్రార్థన మధ్యలో కాస్త విరామం ఇచ్చినప్పుడు బయటికొచ్చి చూస్తే హులదమ్మ తుమ్మచెట్టు దగ్గర్నుంచి తిరిగొస్తోంది. గుడిసెలోకి దూరింది. ఆసాపు వెనకే వెళ్ళాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

లోపల చట్టి మూత తీసి ఉంది. చట్టిలో ముందు రోజు కాచిన గంజి ఉంది. హులదమ్మ చేతిలో చిప్ప గరిటె ఉంది. గరిటె తడిగా ఉంది.

"ఏంటిది?" అన్నాడు ఆసాపు.

"గంజి నాయనా."

"ఇవాళేంటో తెలుసా?"

"పెద్ద ఉపవాసం నాయనా."

"తెలిసే తాగుతున్నావా? నీకు సిగ్గులేదూ? ఊరంతా నోట్లో తడి లేకుండా కూర్చునుంటే నువ్విక్కడ గంజి తాగుతున్నావా?"

హులదమ్మ గరిటె వైపు చూసింది. గుడిసెలో అడ్డంగా కట్టిన తడిక వైపు చూసింది. ఆసాపు వైపు చూసింది.

"ఏమన్నా అను నాయనా," అంది. "కాస్త మెల్లిగా అను."

ఆ మాటకి ఆసాపుకి ఇంకా కోపం వచ్చింది. దొంగే మెల్లిగా మాట్లాడమంటుంది కదా అనుకున్నాడు. గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొమ్ము ఊదేముందు ఆసాపు లేచి నిలబడి చెప్పేశాడు. "మన మధ్యన ఒకరు ఇవాళ గంజి తాగారు. నా కళ్ళతో చూశాను. ఆ చివరి గుడిసె మనిషి."

అందరూ తలలు దించుకున్నారు. ఆసాపు అది భక్తి అనుకున్నాడు.

హులదమ్మని ఎవరూ వెళ్ళగొట్టలేదు. అలా చేసే మనుషులు కారు వాళ్ళు. కానీ ఆ తర్వాత శనివారం ఆవిడ వస్తే చాప మీద ఎవరూ కాస్త జరగలేదు. ఆవిడ బయట అరుగు మీద కూర్చుంది. తర్వాత శనివారమూ అరుగు మీదే. ఇక అదే ఆవిడ చోటైపోయింది.

ఏడాది తిరిగింది. మళ్ళీ పెద్ద ఉపవాసం వచ్చింది. ముందు రోజు పొద్దున్నే హులదమ్మ కర్ర పట్టుకుని ఆసాపు గుమ్మంలోకి వచ్చింది.

"నాయనా ఆసాపూ, తెలిసి అన్నదీ, తెలియక అన్నదీ, మనసులో అనుకున్నదీ, మూడూ క్షమించు."

ఆసాపు చాప అల్లుతున్నవాడు తలెత్తలేదు. "గంజి సంగతి ఒప్పుకో ముందు. తాగింది నువ్వేనా? ఇంకెవరికన్నా పోశావా? పోస్తే పేరు చెప్పు."

"నా తప్పులు ఎన్ని కావాలంటే అన్ని అడుగు, చెప్తాను. ఆ గుట్టు నాది కాదు నాయనా, చెప్పడానికి."

"అయితే వెళ్ళు."

వెళ్ళింది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. అదే మాట అంది. ఆసాపూ అదే మాట అన్నాడు. వెళ్ళింది.

పొద్దు వాలేముందు మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మానికి ఆనుకుని నిలబడింది, కాళ్ళు ఆగక. లోపల మంచం మీద పడుకునున్న నయోమమ్మ ఆవిడ గొంతు విని లేవబోయింది. లేవలేకపోయింది.

"తెలిసి అన్నదీ, తెలియక అన్నదీ..." అంటోంది హులదమ్మ.

"పేరు చెప్పు, క్షమిస్తాను," అన్నాడు ఆసాపు.

హులదమ్మ గుమ్మం వదిలి కర్ర మీద నిలబడింది. "మూడుసార్లు అయింది నాయనా," అంది. కోపంగా కాదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. "ఇక నా చేతిలో లేదు. నీ చేతిలో పడింది. జాగ్రత్త."

మర్నాడు ప్రార్థన జరుగుతుంటే ఆసాపు కిటికీలోంచి చూశాడు. ఎండలో కర్ర పోటేసుకుంటూ తుమ్మచెట్టు దాకా వెళ్తోంది, మళ్ళీ గుడిసె దాకా వస్తోంది. వెళ్తోంది, వస్తోంది.

ఆ చలికాలం హులదమ్మ పోయింది.

కడిగి, తెల్లగుడ్డ చుట్టి, తుమ్మచెట్టు అవతల మట్టిలో పెట్టారు. కడిగిన ఆడవాళ్ళు మాత్రం బయటికొచ్చి తుమ్మచెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ అరికాళ్ళు చూశారు వాళ్ళు. ఆ కాళ్ళలో తుమ్మముళ్ళు ఎన్నేళ్ళవి ఉన్నాయో! తోలు గట్టిపడి మీద మూసుకుపోయింది. తీద్దామంటే రాలేదు. అలాగే పంపించారు.

మళ్ళీ పెద్ద ఉపవాసం ముందు రోజు వచ్చింది. ఆసాపు పొద్దున్నే పద్దెనిమిది గుడిసెలూ తిరిగి క్షమాపణలు చెప్పుకుని, చెప్పించుకుని, తేలికపడ్డ గుండెతో ఇంటికొచ్చాడు. నయోమమ్మ మంచం మీద ఎముకల గూడులా ఉంది.

"అందరిళ్ళకీ వెళ్ళొచ్చావా?"

"వెళ్ళొచ్చానమ్మా."

"అయితే ఒక మాట చెప్పు. ఈ ఏడు నాకు గంజి ఎవరు పోస్తారురా?"

ఆసాపుకి అర్థం కాలేదు. "గంజేంటమ్మా? రేపు పెద్ద ఉపవాసం."

"అందుకే అడుగుతున్నా. తొమ్మిదేళ్ళ నుంచి హులద పోస్తోంది. నువ్వు ప్రార్థనకి వెళ్ళగానే, తన గుడిసెకీ చెట్టుకీ తిరిగే దారిలో మన ఇంట్లోకి వచ్చేది. ఒక గుక్క పోసేది. బుగ్గ నిండేంత కూడా కాదు. పోసి, తుమ్మచెట్టు దాకా వెళ్ళొచ్చేది. వచ్చాక ఇంకో గుక్క. మళ్ళీ వెళ్ళేది, మళ్ళీ వచ్చేది. గుక్కకీ గుక్కకీ మధ్య అంత ఎడం ఉండాలట. అలా పోస్తే రోగిష్టి మనిషి ప్రాణమూ నిలుస్తుంది, ఉపవాసమూ నిలుస్తుంది. వాళ్ళ అవ్వ నేర్పిందంట. ఎడం ఎంతో తెలియడానికి ఆవిడకి ఆ నడకే లెక్క."

ఆసాపు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? కడుపులో ఉపవాసం ఉన్నవాడి తల్లి గంజి తాగిందంటే నువ్వు ఊరుకునేవాడివా?" నయోమమ్మ నవ్వబోయి దగ్గింది. "ఇంకో సంగతి. ఇన్నేళ్ళూ చెప్పలేదు. వింటావా?"

"చెప్పు."

"నువ్వు ఆగలేదురా."

"ఏంటి?"

"నా చెవిలో చెప్పింది హులద. ఇవాళ పెద్ద ఉపవాసం రా అబ్బాయ్ అని. నువ్వు వినలేదు. రెండోసారి చెప్పింది, వినలేదు. మూడోసారి చెప్పింది, ఇంకా గట్టిగా తన్నావు. నా కళ్ళు తేలిపోతున్నాయి. అప్పుడు వేలు గంజిలో ముంచి నా నాలిక మీద పెట్టింది. చాల్లేదు. గరిటెతో పోసింది. చెట్టు దాకా వెళ్ళింది, వచ్చింది, పోసింది. చుక్కలు పొడిచేదాకా ఎన్ని గరిటెలు తాగావో నాకు లెక్క లేదు. అప్పుడాగావు. ఊళ్ళోవాళ్ళొచ్చి ఏమైందీ అంటే, చెవిలో చెప్పాను, ఆగాడు అంది. నన్ను కాపాడ్డానికి అంది. ఆ మాట పట్టుకుని ఊరు నీకు కిరీటం పెట్టింది. హులద నీ గుమ్మంలో మూడుసార్లు నిలబడి కూడా ఆ కిరీటం తియ్యలేదు."

ఎవరన్నా విన్నారేమోనని ఆసాపు గుమ్మం వైపు చూశాడు. మెల్లిగా అన్నాడు, "ఎవరికీ చెప్పకమ్మా."

"చెప్పన్లేరా," అంది నయోమమ్మ. "అది చచ్చేదాకా చెప్పలేదు. నేను మాత్రం ఎన్నాళ్ళుంటానని?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ మాట ఆసాపుకి ముల్లులా దిగింది.

లేచాడు. ఒక్కడే తుమ్మచెట్టు అవతలికి వెళ్ళాడు. మట్టి దిబ్బ ముందు నిలబడి, "తెలిసి అన్నదీ, తెలియక అన్నదీ, మనసులో అనుకున్నదీ, మూడూ క్షమించు" అన్నాడు. గాలి వీచింది. ఆకులు రాలాయి. గుండెలో బరువు అలాగే ఉంది. ఎందుకుండదు? పోయినవాళ్ళని క్షమాపణ అడగాలంటే పదిమందిని వెంట తీసుకెళ్ళాలి. వాళ్ళ ముందు తప్పు పేరు పెట్టి చెప్పాలి. చెప్పాక ఆ పదిమందీ పోయిన మనిషి తరఫున "క్షమించాను" అని మూడుసార్లు అనాలి. అదీ లెక్క. అది ఊరికి నేర్పింది ఆసాపే.

మధ్యాహ్నం పదిమందిని పిలిచాడు. వాళ్ళలో గాదయ్య ఉన్నాడు. ఊళ్ళో నోరంటే గాదయ్యదే. పెళ్ళైనా చావైనా ఒక ఎకసెక్కం ఆడందే అడుగు తీసి అడుగెయ్యడు.

దిబ్బ చుట్టూ నిలబడ్డారు. ఆసాపు గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ విషయంలో... ఏదో... మనిషన్నాక పొరపాటు... అదే, క్షమించాలి."

గాదయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటోయ్ ఆసాపూ, నాకే వినపడలేదు, మట్టి కిందున్న మనిషికి ఏం వినపడుతుంది? దేనికంట క్షమించాల్సింది?"

ఆసాపుకి, కడుపులో ఉపవాసం ఉన్నవాడు అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట పోతే కొమ్ము పోతుంది. కొమ్ము పోతే ఇక తనెవరు? పాలెంలో చాపలల్లేవాళ్ళలో ఒకడు.

"ఎండ ఎక్కువగా ఉంది, పదండి," అన్నాడు.

"చల్లబడ్డాక పిలువు," అన్నాడు గాదయ్య. కానీ ఎందుకో వాడూ నవ్వలేదు.

పొద్దు వాలుతోంది. ఇళ్ళల్లో ఉపవాసం ముందు అన్నాలు వడ్డిస్తున్నారు. ఇక జానెడు పొద్దుంది. అది పోతే ఇక అడగడానికి లేదు. అడక్కుండా రేపు దేవుడి ముందు ఏ ముఖంతో నిలబడతాడు? ఆసాపు ముందు అన్నం పెట్టారు. ముద్ద కలిపాడు. ఎదురుగా మంచం మీద తల్లి కళ్ళు మూసుకుని ఉంది. ముద్ద దింపేసి లేచాడు. ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ ఆ పదిమందినీ పిలిచాడు.

"ఇదేం పిలుపురా నాయనా, నోట్లో ముద్ద మింగనివ్వవు," అని గొణుక్కుంటూ వచ్చారు. ఆడవాళ్ళు కూడా ఏంటో చూద్దామని వెనకే వచ్చారు.

ఆసాపు దిబ్బ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"హులదమ్మా," అన్నాడు. ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. "గంజి తాగావని నిన్ను ఊరందరి ముందూ నిందించాను. నువ్వు తాగలేదు. మా అమ్మకి పోశావు. తొమ్మిదేళ్ళు పోశావు. నువ్వు మూడుసార్లు నా గుమ్మంలోకి వస్తే మూడుసార్లూ పొమ్మన్నాను. ఇంకొకటి. నేను కడుపులో ఉపవాసం ఉండలేదు. నువ్వు మూడుసార్లు చెప్పినా వినలేదు. ఆ రోజు నీ గరిటెతో గంజి తాగే బతికాను. ఇన్నేళ్ళూ నువ్వు కప్పిన మాట కప్పుకుని తిరిగాను. ఇశ్రాయేలు దేవుడి ముందూ నీ ముందూ తప్పు చేశాను. క్షమించు."

ఇప్పుడు పదిమందీ ఆవిడ తరఫున "క్షమించాను" అనాలి.

ఒక్కరూ అనలేదు.

ఆసాపు తలెత్తి చూశాడు. తన మీద కోపం అనుకున్నాడు. కానీ వాళ్ళెవరూ తనవైపు చూడట్లేదు. నేల చూస్తున్నారు. ప్రార్థన ఇంట్లో ఆ రోజు దించుకున్నట్టే తలలు దించుకున్నారు.

గాదయ్య ముందుకొచ్చాడు. ముఖం నల్లబడింది. "ఒరేయ్ ఆసాపూ, నువ్వు గుడిసెలోకి వచ్చిన రోజున తడిక వెనక ఎవరున్నారో తెలుసా? నేనురా. చలిజ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. ఆవిడ నాకు పోస్తోంది గంజి. నువ్వు కేకలేస్తుంటే నేను చాప కప్పుకుని పడుకున్నా. మెల్లిగా అను అన్నది నా కోసం అంది, నా తల పగిలిపోతోందని. నోరున్నోడినని నాకు పేరు. ఆ రోజు నోరు రాలేదు. మర్నాడు చెప్దాంలే అనుకున్నా. ఆ తర్వాత మర్నాడు చెప్దాంలే అనుకున్నా. ఇక క్షమించానని నేనెట్టా అంటానురా? నేనూ అడగాల్సినవాణ్ణే."

వాడి పక్కనున్న తుంగ కట్టల షమూయేలు గొణిగాడు. "నాకు పాము కరిచిన ఏడు పోసింది. నేనొక్కణ్ణే అనుకున్నా."

"నాకు విరేచనాలైన ఏడు," అన్నాడు ఇంకొకాయన. "నేనొక్కణ్ణే అనుకున్నా."

"నా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు," అంది వెనక నుంచి ఒకావిడ. "నేనొక్కదాన్నే అనుకున్నా."

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. పదిమందీ అయ్యారు. వెనకున్న ఆడవాళ్ళూ అయ్యారు. ఆ పాలెంలో ఏదో ఒక ఏడు ఆ గరిటె తడి తగలని నోరు లేదు. ప్రతివాళ్ళూ తామొక్కళ్ళమే అనుకున్నారు. ప్రతివాళ్ళూ సిగ్గుపడి దాచుకున్నారు. ఎవరి గుట్టు వాళ్ళకే తెలుసు, అందరి గుట్టూ ఆవిడకి తెలుసు. అన్నేళ్ళూ ఒక్క గుక్క తాగకుండా పూర్తి ఉపవాసం ఉన్న మనిషి ఊరు మొత్తం మీద ఒక్కతే. ఆ మనిషినే గంజి తాగిందన్నారు.

పొద్దు మడుగుల మీదికి దిగుతోంది. క్షమించానని అనడానికి ఆ చుట్టుపక్కల ఒక్క నోరు లేదు. అందరూ అడగాల్సినవాళ్ళే.

అప్పుడు ఆసాపు లేచాడు. ఎవరితో ఏమీ అనలేదు. దిబ్బ దగ్గర్నుంచి తుమ్మచెట్టు దాటుకుని ఆవిడ ఖాళీ గుడిసె దాకా నడిచాడు. మళ్ళీ చెట్టు దాకా వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. గాదయ్య వెనక నడిచాడు. షమూయేలు నడిచాడు. అందరూ నడిచారు. మూడుసార్లు వెళ్ళారు, మూడుసార్లు వచ్చారు. ముళ్ళు దిగుతున్నా ఎవరూ వంగి తీసుకోలేదు.

గుడిసెలో చట్టి పగిలిపోయి ఉంది గానీ చిప్ప గరిటె చూరులో అలాగే ఉంది. ఆసాపు దాన్ని తీసుకుని ఇంటికెళ్ళాడు. పొద్దు పూర్తిగా మునిగేలోపు గంజి కాయించి పెట్టాడు.

మర్నాడు ప్రార్థన గాదయ్య నడిపించాడు. దేవుడు పాపాలు క్షమించాడో లేదో గానీ ఆ గొంతుని మాత్రం తప్పకుండా క్షమించి ఉంటాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆసాపు లోపలికి రాలేదు. తల్లి దగ్గర కూర్చుని గరిటెతో గంజి పోశాడు.

"అంత నిండా పొయ్యకురా," అంది నయోమమ్మ. "బుగ్గ నిండకూడదు. అది ఇట్టా పోసేది కాదు."

కాస్త తగ్గించి పోశాడు. లేచాడు. తుమ్మచెట్టు దాకా వెళ్ళాడు, మళ్ళీ ఇంటి దాకా వచ్చాడు. పోశాడు. వెళ్ళాడు, వచ్చాడు. ఊరంతా చూసేలా, పట్టపగలు, వట్టి కాళ్ళతో, నాలిక పిడచగట్టుకుపోతున్నా వెళ్ళాడు, వచ్చాడు. కాలవ అవతల మళ్ళీ ఎవరో చేపల పులుసు పెట్టారు. ఆ వాసనకి "ఆకలేస్తోంది" అని పైకే అనేశాడు. నలభై ఏళ్ళ ఉపవాసాల్లో ఆకలేసిందని ఆసాపు ఒప్పుకున్నది ఆ రోజే.

చుక్కలు పొడిచాయి. ప్రార్థన ఇంటి ముందు జనం కొమ్ము పట్టుకుని నిలబడ్డారు. ఆసాపు దూరంగా ఆగిపోయాడు.

"నేను తగను. ఇంకెవరన్నా ఊదండి."

గాదయ్య కొమ్ము తెచ్చి ఆయన చేతిలో కుక్కాడు. "కడుపులో ఉపవాసం ఉన్నోడి కోసం ఊరంతా వెతికామోయ్, దొరకలేదు. కడుపులో గంజి తాగినోడే ఉన్నాడు. ఊదు. ఆకలేస్తోంది."

ఊదాడు. ఆ ఏటి కూత కాలవ దాటి, పల్లె దాటి, సముద్రం దాకా వినపడిందని చెప్తారు.

అదీ సంగతి. ఆ పాలెం మనుషులు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. తుంగ మడుగులు పూడిపోయాయి. చాపలల్లడం వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. అయినా పెద్ద ఉపవాసం ముందు రోజు పొద్దు వాలేవేళ వాళ్ళు ఎక్కడున్నా బయటికొచ్చి, ఏదో ఒక చెట్టు దాకా మూడుసార్లు నడుస్తారు. ఆ నడకలో ఎవరూ "క్షమించాను" అనరు. ఊరికే నడుస్తారు.

ఆ రోజున ప్రతి ఇంట్లో ఒక చట్టిలో గంజి కాచి మూతపెట్టి ఉంచుతారు. ఉపవాసం నాడు ఎవరైనా ఎండలో ఇంట్లోంచి చెట్టు దాకా, చెట్టు దగ్గర్నుంచి ఇంటి దాకా తిరుగుతూ కనిపిస్తే, ఎవరికి, ఏం జబ్బు అని అడగరు. "హులదమ్మ నడుస్తోంది" అనుకుని, దారిలో ముళ్ళేమన్నా ఉంటే తీసి పక్కన పడేస్తారు.

ఇక కొమ్ము ఊదాక, ఎదురుపడ్డ మనిషిని "ఉపవాసం బాగా జరిగిందా?" అని అడగడం అందరికీ అలవాటే కదా. వాళ్ళు బాగా జరిగిందని చెప్పరు, జరగలేదనీ చెప్పరు. పసిపిల్లలైనా, పండుముసలివాళ్ళైనా, ఒకటే మాట అంటారు.

"హులదమ్మకి తెలుసు."